ఏ పేరు కింద వెతకాలి?

క్రీస్తు పూర్వం మూడో శతాబ్దంలో అలెగ్జాండ్రియా గ్రంథాలయంలో కల్లిమాకస్ అనే కవి గ్రంథాల వివరాలను పట్టికలుగా కూర్చాడు. ‘పినకేస్’ అనే ఆ కూర్పు 120 చుట్టలకు సాగిందంటారు. అందులో రచయిత పరిచయం, గ్రంథం మొదటి మాటలు, పంక్తుల లెక్క కూడా ఉండేవి. తర్వాత యూరప్ మఠాల్లో రాసుకున్నవి చాలావరకు ఆస్తి చిట్టాలే.

అచ్చు పుస్తకాలు లక్షలకు చేరేసరికి చిట్టా చాల్లేదు. బ్రిటిష్ మ్యూజియంలో ఆంటోనియో పనిజ్జి సహచరులతో కలిసి కేటలాగు తయారీకి 91 నియమాలు రూపొందించి 1841లో అచ్చు వేయించాడు. ఇంత తతంగం ఎందుకని పండితులే విసుక్కున్నారు. ఈ పని ఎంత తేలికో చూపిస్తానని వారిలో ఒకడైన జాన్ పేన్ కొలియర్ తన సొంత పుస్తకాలు 25 తీసి, మ్యూజియంపై వేసిన విచారణ సంఘం కోసం వివరాలు రాశాడు. పనిజ్జి సహాయకుడు వాటిని పరిశీలిస్తే, కేటలాగులో దొర్లగల తప్పులన్నీ దాదాపుగా ఆ పాతికలోనే కనిపించాయి!

జాబితా పుస్తకంలో మధ్యలో కొత్త పేరు చేర్చడం కష్టం. కార్డుకు ఆ ఇబ్బంది లేదు. 1791లో ఫ్రాన్స్‌లో చర్చిల నుంచి స్వాధీనం చేసుకున్న పుస్తకాల వివరాలను పేకముక్కల వెనక రాయమన్నారు. అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 1901 నుంచి అచ్చు కార్డులను ఇతర గ్రంథాలయాలకు అమ్మింది. సొరుగులో ఒకే పుస్తకానికి రచయిత పేరుతో ఒక కార్డు, శీర్షికతో ఒకటి, విషయంతో మరొకటి ఉండేవి. అడుగున రంధ్రంలోంచి ఇనుప కడ్డీ దూర్చడంతో కార్డులు చెదిరేవి కావు.

1960లలో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లోనే హెన్రియెట్ ఏవ్‌రమ్ అనే ప్రోగ్రామర్ కార్డు మీది సమాచారాన్ని కంప్యూటర్ చదవగలిగే ‘మార్క్’ రూపంలోకి తెచ్చింది. అందులో ఒక్కో వివరానికి ఒక సంఖ్య గుర్తు: 100 అంటే రచయిత, 245 అంటే శీర్షిక. ఒకచోట రాసిన నమోదును మరోచోట మళ్లీ టైపు చేయక్కర్లేదు.

తెలుగు పేర్ల దగ్గర చిక్కు వేరు. చివరి మాటే ఇంటిపేరనుకునే పాశ్చాత్య పద్ధతి పాటిస్తే విశ్వనాథ సత్యనారాయణ ‘స’లో తేలతాడు, తెలుగు పాఠకుడు ‘వి’లో వెతుకుతాడు. రచయిత పేరును అతని దేశపు వాడుక ప్రకారమే నమోదు చేయాలని 1961 పారిస్ సమావేశం తీర్మానించింది. నేటి కేటలాగుల్లో ఒక్కో రచయితకు విడిగా ఒక నమోదు ఉంటుంది. ప్రామాణిక రూపంతో పాటు ఇతర రూపాలు, స్పెల్లింగులు అందులో చేరుస్తారు. పాఠకుడు వేటితో వెతికినా అవే పుస్తకాలు దొరకాలన్నది ఏర్పాటు.