పోరుమామిళ్ళ చెరువు: పన్నెండు అంగాలు, ఆరు దోషాలు

కడప సీమలోని పోరుమామిళ్ళ చెరువు 1369లో నిర్మితమైంది. విజయనగర ప్రభువు మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కర భవదూరుడు దీనిని కట్టించి అనంతరాజసాగరమని పేరు పెట్టాడు. రోజూ వేయిమంది కూలీలు, నూరు బండ్లు, రెండేళ్ళ శ్రమ: ఈ లెక్కలన్నీ అక్కడి భైరవాలయం ముందరి సంస్కృత శాసనంలో ఉన్నాయి.

దానాలు చెప్పే శాసనాలు మనకు కొల్లలు. ఇది మాత్రం చెరువు ఎలా ఉండాలో కూడా చెబుతుంది. మంచి చెరువుకు పన్నెండు అంగాలట. ధర్మపరుడైన రాజు, జలశాస్త్రం తెలిసిన పండితుడు, గట్టి బంకనేల, తియ్యని నీటి ఏరు, కొండల నడుమ మరీ పొడవు కాని రాతికట్ట, లోతూ వైశాల్యమూ గల గర్భం, దగ్గరలో రాతిగని, చదునైన సారవంతపు పొలాలు వాటిలో కొన్ని. పనితనం తెలిసిన కూలిజనం కూడా ఒక అంగమే. రాజుతో మొదలైన జాబితా కూలివాణ్ణి విస్మరించలేదన్నది గమనించదగిన విషయం.

ఇక దోషాలు ఆరు: కట్ట నుండి నీరు ఊరడం, చవుడు నేల, రెండు రాజ్యాల సరిహద్దున ఉండడం, గర్భం మధ్యలో మెరక, నీరు తక్కువై ఆయకట్టు ఎక్కువ కావడం, నీరు ఎక్కువై నేల చాలకపోవడం. వీటిలో మూడవది మట్టికీ రాతికీ సంబంధించినది కాదు, మనుషులకు సంబంధించినది. నీటి తగాదా కట్టను తెంచగలదని ఆ శాసనకర్త ఎరుగును.

కట్టడం రెండేళ్ళ పని. కాపాడడం తరతరాల పని. అందుకే సీమలో దశబంధ మాన్యాలు ఏర్పడ్డాయి. చెరువు తవ్వించినవారికి, మరమ్మతు చూసేవారికి భూమి ఇచ్చేవారు. తూము తీసి మడి మడికీ నీరు పంచే నీరుగంటికి పంటలో మేర దక్కేది. పూడిమట్టి పొలాలకు ఎరువయ్యేది. పాలన మారి ఈ కట్టుబాట్లు సడలినచోట పూడిక పేరుకుంది. 1997లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం చట్టం చేసి నీటి వినియోగదారుల సంఘాలను ఏర్పరచింది. చట్టం సంఘాన్ని సృష్టించగలదు గాని, చెరువు నాదనే భావాన్ని సృష్టించలేదు.

శాసనం చెప్పిన ఆరింటికి ఏడవ దోషం చేర్చవలసి వస్తే, అది ఎవరిదీ కాని చెరువు కావడమే. మీ ఊరి చెరువుకు ఎన్ని అంగాలు మిగిలాయో ఒకసారి లెక్కపెట్టి చూడండి.