యాభై ఏళ్ల పూర్ణిమ స్టూడియో

1976లో జగిత్యాలలో కవి అలిశెట్టి ప్రభాకర్ ‘పూర్ణిమ’ ఫొటో స్టూడియో తెరిచారు. అప్పటికి ఆయన వయసు 22 ఏళ్లు. బతుకుదెరువు కోసం పెట్టుకున్న ఒక దుకాణానికి స్వర్ణోత్సవ స్మరణ ఎందుకంటే, ఈ ప్రాంతంలో కళాకారుడూ జనమూ రోజూ ఎదురెదురుగా కూర్చున్న చోటు అది. మన సాంస్కృతిక సభలన్నీ దాని నుంచి నేర్చుకోవలసింది చాలా ఉంది.

ప్రభాకర్ మొదట చిత్రకారుడు. పండుగలు, ప్రకృతి, సినిమా తారల బొమ్మలు గీసి పత్రికలకు పంపేవారు. జగిత్యాలలోని ‘సాహితీ మిత్ర దీప్తి’ సంస్థ సాంగత్యం ఆయన్ని కవిత్వం వైపు నడిపించింది. 1974లో తొలి కవిత ‘పరిష్కారం’ అచ్చయింది. ఫొటోగ్రఫీ నేర్చుకున్నది మాత్రం మరమగ్గాల ఊరు సిరిసిల్లలో, రాణీ స్టూడియోలో. చీకటి గదిలో ఫిలిం కడగడం, నెగెటివ్ మీద సన్నని పెన్సిల్‌తో మెరుగులు దిద్దడం, వెలుగునీడల లెక్క తెలుసుకోవడం ఆనాటి స్టూడియో పని. ఎంత ఉంచాలో, ఎంత తీసేయాలో ఆ పని నేర్పుతుంది. ఆయన మినీ కవితల్లోని పొదుపు వెనుక ఆ చేతిపని ఉందని నా నమ్మకం.

అవి మామూలు రోజులు కావు. 1978 సెప్టెంబరు 7న జగిత్యాల జైత్రయాత్రలో పల్లెల నుంచి రైతుకూలీలు వేలాదిగా పట్టణానికి కదిలి వచ్చారు. ఆ ఏడాదే జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించారు. ప్రభాకర్ తొలి సంపుటి ‘ఎర్రపావురాలు’ వెలువడిందీ 1978లోనే. మరుసటి ఏడాది ‘మంటల జెండాలు’ వచ్చింది. పొద్దంతా కూలి చేసి వచ్చిన మనిషి నిలబడి చదువుకోగలిగినంత చిన్న కవితలు అవి. అందుకే గోడలెక్కాయి, ఉపన్యాసాల్లో చేరాయి.

1979లో కరీంనగర్‌లో ‘శిల్పి’, 1983లో హైదరాబాద్‌లో ‘చిత్రలేఖ’ స్టూడియోలు పెట్టారు. ఆంధ్రజ్యోతిలో ఆయన మినీ కవితల శీర్షిక ‘సిటీ లైఫ్’ ఆరేళ్లు సాగింది. క్షయ ఆయన్ని వదల్లేదు. 1993 జనవరి 12న, సరిగ్గా తన 39వ పుట్టినరోజున, కన్నుమూశారు.

ఈ నేల మీద ఆయన ఒంటరి కాదు. బీడీ కార్మికుల బతుకును ‘బతుకుపోరు’ నవలగా మలిచిన బి.ఎస్. రాములుది జగిత్యాలే. వేములవాడ దగ్గరి హనుమాజీపేట ఒక్క ఊరే ‘విశ్వంభర’ కవి సి. నారాయణరెడ్డినీ, ఒగ్గు కథకుడు మిద్దె రాములునూ ఇచ్చింది. జ్ఞానపీఠం అందుకున్న కవికీ, డోలు దెబ్బకు ఊళ్లను కూర్చోబెట్టిన కథకుడికీ ఇక్కడ మట్టి ఒక్కటే.

కాబట్టి ఈ స్వర్ణోత్సవ సంవత్సరం పూలదండలతో, ఉపన్యాసాలతో ముగిసిపోకూడదు. సిరిసిల్లలో చీర అంచుకు డిజైన్ గీసే నేతన్న, కోరుట్లలో బీడీలు చుడుతూ పాట కట్టే ఆడబిడ్డ, ఒగ్గు కళాకారుడు, ఫ్లెక్సీలొచ్చాక పని తగ్గిన బోర్డు పెయింటర్ వేదిక మీద కూర్చోవాలి. తమ పని చూపించాలి. దాని వెనుక కష్టం, కూలి, కల చెప్పాలి. కింద కూర్చున్నవాళ్లు అడగాలి, కాదనాలి, మెచ్చుకోవాలి. జనవరి 12న జగిత్యాలలో మొదలుపెట్టి కోరుట్ల, సిరిసిల్లకు ఆ సభను తీసుకెళ్దాం. జనంతో మాట్లాడుతూ బతికిన కవికి మనం చెల్లించగల బాకీ అదే.