దీపపు ఎర, వాసన ఎర

శరదృతువులో సాయంకాలం దీపం వెలిగించగానే శలభాలు మూగడం అందరూ చూసేదే. మల్లాపూర్‌లోని ఒక ఇంటి పెరటిలో తెల్లని దుప్పటి కట్టి, దాని ముందు దీపం ఉంచితే చాలు. అవి వచ్చి బట్టపై వాలుతాయి. అమావాస్య రాత్రులలో ఎక్కువగాను, వెన్నెల రాత్రులలో తక్కువగాను వస్తాయి. అయితే పట్టడం వేరు, పోల్చడం వేరు. ఈ రెండింటి చరిత్రలోను హైదరాబాదుకు చోటున్నది.

నీలగిరులలో తేయాకు తోటలు సాగుచేసిన జార్జి హాంప్సన్ అనే ఆంగ్లేయుడు 1892–1896 మధ్య మన దేశపు శలభాలను నాలుగు సంపుటాలలో వర్ణించాడు. రెక్కల రంగు, ఈనెల అమరిక, మీసాల ఆకారం - ఇవే ఆనవాళ్ళు. పెరటిలోనూ ఇదే పద్ధతి పనికివచ్చును. గన్నేరు, నందివర్ధనం ఆకులు తిని పెరిగే పెద్ద శలభానికి ఆకుపచ్చని రెక్కలుంటాయి. పొగాకు లద్దె పురుగు శలభానికి గోధుమరంగు ముందు రెక్కలపై తెల్లని గీతలు అడ్డదిడ్డంగా ఉంటాయి. శనగపచ్చ పురుగు శలభానికి ముందు రెక్కపై మూత్రపిండాకారపు నల్లని మచ్చ, లేతరంగు వెనుక రెక్కకు నల్లని అంచు కనిపిస్తాయి.

ఈ చివరిదానిని గుర్తించడం రైతుకు ప్రాణావసరం. 1987–88లో గుంటూరు, ప్రకాశం జిల్లాలలో ఈ పురుగు ప్రత్తి పంటను నాశనం చేసింది. మందులెన్నిసార్లు చల్లినా చావలేదు; పైరెత్రాయిడ్ మందులకు అది నిరోధం సంపాదించినట్లు పరీక్షలలో తేలింది. అప్పులపాలైన రైతులు కొందరు ప్రాణాలు తీసుకున్నారు. పురుగు ఎప్పుడు వస్తున్నదో ముందే తెలిస్తే అనవసరంగా మందు చల్లే పని తప్పును.

దీపం అన్ని రకాలనూ కలిపి రప్పిస్తుంది. ఒక్క రకాన్నే పిలిచే ఉపాయం ప్రకృతిలోనే ఉన్నది. ఆడ శలభం వెదజల్లే వాసనకు మగవి దూరం నుంచి వస్తాయి. 1959లో జర్మన్ శాస్త్రజ్ఞుడు బ్యుటెనాంట్ సుమారు 5 లక్షల ఆడ పట్టుపురుగు శలభాల నుంచి ఆ పదార్థాన్ని వేరుచేశాడు. శనగపచ్చ పురుగు విషయంలో రెండు పదార్థాలను 97:3 పాళ్ళలో కలిపితే మగవి ఆకర్షింపబడతాయని తరువాత తెలిసింది. 1972లో పటాన్‌చెరులో స్థాపితమైన ఇక్రిశాట్ ఇట్టి ఎరలున్న బుట్టలతో ఈ పురుగు రాకను లెక్కించింది. మల్లాపూర్‌కు సమీపంలోనే, ఉప్పల్ రోడ్డుపైనున్న భారతీయ రసాయన సాంకేతిక సంస్థలో ఇట్టి పదార్థాల తయారీపై పరిశోధనలు సాగాయి. రైతులు వీటిని లింగాకర్షక బుట్టలంటారు.

ఈ బుట్ట పడిన శలభం పేరు ముందే చెప్పును. కాని మగవే పడతాయి. పెరటిలో ఎన్ని రకాలున్నవో చెప్పేది మాత్రం ఇప్పటికీ దీపమే. విద్యార్థులు తేదీ, చంద్రకళ, రకం, సంఖ్య వ్రాసుకొని శలభాలను విడిచిపెట్టవచ్చును. ఏటేటా వ్రాసిన అట్టి పుస్తకమే రేపటి చరిత్ర.