అనంతపురం పీఠభూమిలో పర్యాటకము

అనంతపురం పీఠభూమి ఆంధ్ర ప్రదేశ్ రాష్ట్రపు నైరుతి మూలన, కర్ణాటక సరిహద్దును ఆనుకొని ఉన్న కరువు ప్రాంతము. ఇది రాయలసీమలో భాగము. 2022 ఏప్రిల్ 4న పాత అనంతపురం జిల్లాను విభజించి శ్రీ సత్యసాయి జిల్లాను ఏర్పరచినందున, పాత పుస్తకాలలో ఒకే జిల్లాకు చెందినవిగా కనబడు యాత్రాస్థలాలు నేడు రెండు జిల్లాలలో ఉన్నవి. సొంత వాహనము లేకుండా, వీపున సంచి తగిలించుకొని రైళ్ళలోను, ఆర్టీసీ బస్సులలోను తిరుగు యాత్రికులు కూడా వీటిని చూడవచ్చును. ఈ స్థలాలలో అనేకము నీటి చరిత్రతో ముడిపడి ఉన్నవి.

వాతావరణము

ఇక్కడి సగటు వార్షిక వర్షపాతము సుమారు 550 మి.మీ. మాత్రమే. దేశములో జైసల్మేర్ తరువాత అతి తక్కువ వర్షపాతము గల జిల్లాగా అనంతపురానికి పేరు. పడమటి కనుమలు నైరుతి ఋతుపవనాలను అడ్డుకొనుట, తూర్పు తీరము దూరమగుట వలన ఈశాన్య ఋతుపవనాలు బలహీనపడి చేరుట ఇందుకు కారణాలు. వర్షాధారముగా పండించు వేరుశనగ ఇక్కడి ముఖ్యమైన పంట. యాత్రకు నవంబరు నుండి ఫిబ్రవరి వరకు అనుకూలమైన కాలము. ఏప్రిల్, మే నెలలలో ఎండ 40 డిగ్రీల సెల్సియస్ దాటుట సాధారణము.

చూడదగిన ప్రదేశాలు

గుత్తి: ఇక్కడి గిరిదుర్గము మరాఠా సేనాని మురారిరావు ఘోర్పడేకు నివాసము. 1776లో హైదర్ అలీ దీనిని ముట్టడించినపుడు కోటలో నీరు అడుగంటుటతో మురారిరావు లొంగిపోవలసి వచ్చినది. కొండపైకి ఎక్కువారు అక్కడి బావులను, జలాశయాలను చూచినపుడు ఈ సంగతి బాగుగా బోధపడును. దత్తమండలాల ప్రధాన కలెక్టరుగాను, తరువాత మద్రాసు గవర్నరుగాను పనిచేసిన సర్ థామస్ మన్రో 1827 జూలై 6న పత్తికొండలో కలరాతో మరణించగా, మొదట గుత్తిలోనే సమాధి చేసిరి. తరువాత ఆయన అవశేషాలను మద్రాసుకు తరలించిరి.

తాడిపత్రి: పెన్నా నది ఒడ్డున ఉన్న పట్టణము. బుగ్గ రామలింగేశ్వరాలయము, చింతల వెంకటరమణాలయము విజయనగర కాలపు శిల్పకళకు ప్రసిద్ధి చెందినవి. బుగ్గ అనగా ఊట. శివలింగము వద్ద నిరంతరము ఊరు నీటి వలన దేవునికి ఆ పేరు వచ్చినది.

బుక్కరాయసముద్రము: అనంతపురము పక్కనే ఉన్న ఈ ఊరి చెరువు 14వ శతాబ్దములో, మొదటి బుక్కరాయల కాలములో, పండమేరు నీటిని ఆపి నిర్మించినది. చెరువుకట్ట తెగబోవు సమయములో ఊరిని కాపాడుటకై బసిరెడ్డి చిన్నకోడలు ముసలమ్మ ప్రాణత్యాగము చేసినదని ప్రతీతి. ఈ కథ ఆధారముగా కట్టమంచి రామలింగారెడ్డి "ముసలమ్మ మరణము" కావ్యమును రచించెను.

పెనుకొండ: 1565లో తళ్ళికోట యుద్ధము తరువాత విజయనగర రాజులకు రాజధాని అయినది. గగన్ మహల్, కొండపై కోట, బాబయ్య దర్గా చూడదగినవి.

లేపాక్షి: హిందూపురానికి సుమారు 15 కి.మీ. దూరములో ఉన్నది. అచ్యుతదేవరాయల కాలములో విరూపణ్ణ, వీరణ్ణ అను సోదరులు వీరభద్రాలయమును కట్టించిరి. పైకప్పు మీది వర్ణచిత్రాలు, వేలాడు స్తంభము, అసంపూర్తిగా మిగిలిన కళ్యాణ మండపము, ఊరి మొదట ఉన్న ఏకశిలా నంది ముఖ్యమైనవి. 2022లో ఇది యునెస్కో తాత్కాలిక జాబితాలో చేరినది.

వీరాపురము: చిలమత్తూరు మండలములోని ఈ గ్రామానికి ఏటా రంగు కొంగలు వచ్చి చెట్లపై గూళ్ళు కట్టుకొని పిల్లలను పొదుగును. గ్రామస్థులు వీటికి హాని చేయరు. చుట్టుపక్కల చెరువులలోని చేపలే వీటికి ఆహారము. కావున చెరువులు ఎండిన ఏడు పక్షులకు కూడా కరువే.

తిమ్మమ్మ మర్రిమాను: కదిరి నుండి సుమారు 25 కి.మీ. దూరములో ఉన్నది. ఐదు ఎకరాలకు పైగా విస్తరించిన ఈ మర్రిచెట్టు 1989లో గిన్నిస్ పుస్తకములో నమోదైనది. భర్తతో సహగమనము చేసిన తిమ్మమ్మ చితి వద్ద గుంజ చిగురించి ఈ చెట్టు అయినదని స్థానికుల నమ్మకము. సంతానము కోరు దంపతులు ఇక్కడ మ్రొక్కుకొందురు.

ప్రయాణ సౌకర్యాలు

గుత్తి, అనంతపురం, ధర్మవరం, పెనుకొండ, హిందూపురం స్టేషన్లు బెంగుళూరు పోవు రైలుమార్గములో వరుసగా ఉన్నవి. తాడిపత్రి గుత్తి-రేణిగుంట మార్గములోను, కదిరి ధర్మవరం-పాకాల మార్గములోను ఉన్నవి. కావున ఉత్తరాన గుత్తితో మొదలుపెట్టి దక్షిణాన లేపాక్షితో ముగించుట సులభము. లేపాక్షికి హిందూపురములో, మర్రిమానుకు కదిరిలో దిగి రోడ్డు మార్గాన పోవలెను.

యాత్రికులకు సూచనలు

పల్లెలకు పోవు బస్సులు తక్కువ గనుక తిరుగు బస్సు వేళను దిగినపుడే కనుగొనుట మంచిది. కోటలను ఉదయము పూట ఎక్కవలెను. కొండపై తాగునీరు దొరకదు గనుక క్రిందనే నింపుకొని పోవలెను. వేసవిలో ఊళ్ళలో కూడా నీటికి ఎద్దడి ఉండును. బసచేసిన చోట నీటిని పొదుపుగా వాడుట యాత్రికుల ధర్మము.