నాడి పట్టిన వైద్యుడు, నోరు జారిన అత్తయ్య

రెండేళ్ల కిందట మా వాళ్లింట్లో ఒక పెళ్లి. భోజనాల దగ్గర మా చిన్నాడపడుచు కూతురు మంచినీళ్లు పోస్తోంది. ఆ వరసలో పెళ్లికూతురి తరఫు కుర్రాడొకడు కూర్చున్నాడు. అతని దగ్గరికి వచ్చేసరికి ఈ పిల్ల మొహం ఎర్రబడింది, చేతిలో జగ్గు వణికింది, నీళ్లు ఆకులో ఒలికాయి. ఇద్దరిదీ ఒకే కాలేజీ అని నాకు ముందే తెలుసు. పక్కనున్న మా వదినగారితో నవ్వుతూ ఒక్క ముక్క అన్నాను. సాయంత్రానికల్లా ఆ ముక్క తల్లి చెవిన పడింది. పిల్ల చేతిలో ఫోను పోయింది.

వారం తర్వాత ఆ పిల్ల నా దగ్గరికి వచ్చి, "నా మొహం చూడగానే నీకు తెలిసిపోయిందన్నావుట. ఏం తెలిసింది అత్తయ్యా?" అని అడిగింది. విషయమేంటంటే, తను రెండు సబ్జెక్టులు తప్పింది. ఇంట్లో చెప్పలేదు. ఆ కుర్రాడికి తెలుసు. ఎక్కడ నలుగురిలో అనేస్తాడోనని భయం. నేను భయాన్ని చూసి ప్రేమ అనుకున్నాను.

అప్పటినుంచీ, ఇలా మనుషుల మొహాలు చదివిన పాతవాళ్ల కథలు కనిపిస్తే వదలకుండా చదువుతున్నాను. అందులో రెండు మీకు చెప్పాలి.

మొదటిది సెల్యూకస్ ఇంటి కథ. అలెగ్జాండర్ సేనానుల్లో ఒకడు, మన చంద్రగుప్త మౌర్యుడితో సంధి చేసుకుని 500 ఏనుగులు పుచ్చుకున్నాడే, ఆయనే. పెద్ద వయసులో స్ట్రాటొనికే అనే అమ్మాయిని పెళ్లాడాడు. కొన్నాళ్లకి ఆయన కొడుకు ఆంటియోకస్ తిండి మానేసి మంచం పట్టాడు. ఎరసిస్ట్రాటస్ అనే వైద్యుడు రోజంతా ఆ గదిలోనే కూర్చుని, వచ్చేపోయే వాళ్లందరినీ, రోగి ఒంటినీ కలిపి గమనించాడట. ఎవరొచ్చినా మార్పు లేదు. సవతి తల్లి స్ట్రాటొనికే వస్తే మాత్రం మాట తడబడటం, ఒళ్లు వేడెక్కటం, చెమటలు, నాడి గతి తప్పటం, చివరికి మొహం పాలిపోవటం. ప్లుటార్క్ రాసిన ఈ లక్షణాలు చదువుతుంటే నాకు మన నాట్యశాస్త్రం గుర్తొచ్చింది. స్వేదం, స్వరభేదం, వైవర్ణ్యం... ఎనిమిది సాత్త్విక భావాల్లో కొన్ని అక్కడే ఉన్నాయి.

వైద్యుడు తెలివిగా రాజుని ఒప్పించాడు. రాజు తన భార్యని కొడుక్కిచ్చి పెళ్లి చేసి, రాజ్యంలో తూర్పు భాగాలకి ఇద్దరినీ రాజూ రాణీ చేశాడు. ఇది సుమారు క్రీ.పూ. 294 నాటి మాట. వైద్యుడి కథలో కల్పన ఎంతున్నా, ఆ పెళ్లి మాత్రం చరిత్రే. ఈ కథని తర్వాత ఎందరో చిత్రకారులు బొమ్మలు వేశారు. అందరూ వైద్యుడి తెలివినీ, తండ్రి త్యాగాన్నీ మెచ్చుకున్నారు. నాకు మాత్రం ఇంకోటి కనిపించింది. ఆ అమ్మాయి గనక ఈ ఏర్పాటుకి వెనకాడితే, రాజుకి నచ్చిందే న్యాయమని నచ్చజెప్పండని సెల్యూకస్ తన మిత్రుల్ని కోరాడని ప్లుటార్కే రాశాడు. కొడుకు నాడి చూశారు. ఆవిడ నాడి ఎవరూ చూడలేదు.

రెండో కథ గాలెన్‌ది. ఇప్పటి టర్కీలో ఉన్న పెర్గమాన్‌లో పుట్టి, క్రీ.శ. 162లో రోమ్ నగరానికి వచ్చిన గొప్ప వైద్యుడు. అక్కడ జస్టస్ అనే అతని భార్యకి నిద్ర పట్టడం లేదని పిలిచారు. ఏమడిగినా ఆవిడ ముభావంగా ఉండి, అటు తిరిగి పడుకుంది. ఒంట్లో జబ్బు లేదు, మనసులో ఏదో ఉందని గాలెన్ అనుకున్నాడు. ఇంతలో నాటకశాల నుంచి వచ్చినవాళ్లెవరో, పిలాడెస్ నాట్యం చూసొచ్చామన్నారు. ఆవిడ చూపూ, మొహం రంగూ మారాయి. గాలెన్ వెంటనే చెయ్యి పట్టి చూస్తే నాడి గతి తప్పి ఉంది.

మనమైతే అక్కడితో తేల్చేస్తాం. ఆయన తేల్చలేదు. మర్నాడు, ఇంకో నర్తకుడు ఆడుతున్నాడని ఆవిడ ముందు అనిపించాడు. నాడి మామూలుగానే ఉంది. మూడో రోజు మరొకరి పేరు. అదీ మామూలే. నాలుగో రోజు మళ్లీ పిలాడెస్ పేరు అనిపిస్తే, నాడి మళ్లీ అదిరింది. అప్పుడు గానీ ఆయన ఒక నిర్ణయానికి రాలేదు.

ఇదే పుస్తకంలో ఇంకో రోగి ఉన్నాడు. ఒక ధనవంతుడి దగ్గర లెక్కలు చూసే బానిస. అతనికీ నిద్ర లేదు, చిక్కిపోతున్నాడు. అతని బాధ ప్రేమ కాదు. సొమ్ములో తేడా ఉంది, యజమాని లెక్క అడిగితే ఏం చెప్పాలోనని దిగులు. ఆ భయం తీరగానే కోలుకున్నాడు. అసలు ప్రేమకంటూ విడిగా ఒక నాడి లేదనీ, మనసు కలతపడితే నాడి మారుతుందనీ గాలెనే మరోచోట చెప్పాడు. మన నాట్యశాస్త్రమూ అంతే. చెమటకీ వణుకుకీ భయం, కోపం, సంతోషం అన్నీ కారణాలే అంటుంది. దాన్నిబట్టే గదా, వేదిక మీద నాయిక వణికితే ఎందుకు వణికిందో తెలియడానికి ముందువెనకల కథంతా కావాలి!

ఇది చదివినప్పుడు నాకు మా పిల్ల, ఆ జగ్గు, ఒలికిన నీళ్లు కళ్ల ముందు కదిలాయి. తనది ఆ లెక్కల బానిస వణుకు. నేను జస్టస్ భార్య వణుకు అనుకున్నాను. అదీ ఒక్కసారి చూసి.

అయితే గాలెన్ మీద కూడా నాకు ఒక ఫిర్యాదుంది. అంత జాగ్రత్తగా పరీక్షించినవాడు, తన నైపుణ్యం చెప్పుకోవడానికి ఆవిడ రహస్యాన్ని పుస్తకంలో రాసేశాడు. భర్త పేరు రాశాడు, నర్తకుడి పేరు రాశాడు. ఆవిడ పేరు మాత్రం రాయలేదు. 1800 ఏళ్లు దాటినా లోకానికి ఆవిడ గురించి తెలిసింది ఆ ఒక్క రహస్యమే. ఆయన చదివింది నిజమే కావచ్చు. నిజమైనా చెప్పవలసిన అవసరం ఉందా?

మనం ఆడవాళ్లం మొహాలు చదవడంలో దిట్టలం. అన్నం తినే తీరు బట్టి పిల్లాడికి జ్వరం వచ్చేలా ఉందని చెప్పేస్తాం. ఆ చూపు మన ఇళ్లని కాపాడుతుంది కూడా. కానీ చూసిన ప్రతిదీ పక్కవాళ్లకి చెప్పాలా? సెల్యూకస్ ఇంట్లో గానీ, జస్టస్ ఇంట్లో గానీ, మా ఇంట్లో గానీ, ఆ చదువుకి మూల్యం చెల్లించింది ఆడపిల్లే. మా కుర్రాడిని ఎవరూ ఒక్క మాట అడగలేదు చూడండి.

నేను మా ఆడపడుచు దగ్గరికి వెళ్లి, తప్పు నాదేనని చెప్పాను. "పోనీలే వదినా, మంచికే అన్నావు" అంది. ఫోను మాత్రం ఇంకో నెలకి గానీ ఇవ్వలేదు. పిల్ల ఆ రెండు సబ్జెక్టులూ తర్వాత పాసయింది. ఇప్పుడు మా ఇంటికొస్తే చక్కగా మాట్లాడుతుంది గానీ, నేను తన మొహంలోకి చూస్తే చూపు తిప్పేసుకుంటుంది. దానికి అర్థమేమిటో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు.