ధూళి నివారణ ట్యాంకరు

తారు వేయని కంకర రోడ్లపై దుమ్ము లేవకుండా ద్రవ పదార్థాలను చిమ్మే వాహనాన్ని ధూళి నివారణ ట్యాంకరు అంటారు. దుమ్ముగా లేచేది కంకరను పట్టి ఉంచే సన్నని మట్టే. అది గాలిలో కలిసిపోయిన కొద్దీ రోడ్డు గుల్లబారుతుంది. అమెరికా, కెనడా గ్రామీణ ప్రాంతాలలో ఇటువంటి ట్యాంకర్ల వాడకం ఎక్కువ. సింగరేణి ఉపరితల గనుల రోడ్లపై నీళ్ళు చల్లే ట్యాంకర్లు కూడా ఈ కోవకు చెందినవే. అయితే ఎండాకాలంలో నీరు కొద్ది గంటలలోనే ఆరిపోతుంది.

ద్రవాలు

మెగ్నీషియం క్లోరైడు, కాల్షియం క్లోరైడు ద్రావణాలు గాలిలోని తేమను పీల్చుకొని రోడ్డును చెమ్మగా ఉంచుతాయి. కాగితపు గుజ్జు తయారీలో ఉప ఉత్పత్తిగా లభించే లిగ్నోసల్ఫోనేటు జిగురువలె మట్టి రేణువులను అతికిస్తుంది.

ట్యాంకు ఎంపిక

నీళ్ళ ట్యాంకరునే దీనికి వాడుకోవచ్చునని చాలామంది భావిస్తారు. ఇక్కడే పొరపాటు జరుగుతుంది. 10,000 లీటర్ల నీరు 10 టన్నులు తూగితే, 30 శాతం మెగ్నీషియం క్లోరైడు ద్రావణం సుమారు 13 టన్నులు తూగుతుంది. కనుక ట్యాంకు నిండా నింపితే ఇరుసులపై, బ్రేకులపై పరిమితికి మించిన భారం పడుతుంది. సగం నిండిన ట్యాంకులో ద్రవం ముందుకూ వెనుకకూ ఊగి మలుపులలో, వాలులలో ప్రమాదం తెస్తుంది. దీనిని తగ్గించడానికి లోపల అడ్డుపలకలు అమర్చుతారు. క్లోరైడు ద్రావణాలు ఉక్కును త్వరగా తుప్పు పట్టిస్తాయి. అందువలన పాలిథీన్, ఫైబర్‌గ్లాస్ ట్యాంకులు గానీ, లోపల పూత వేసిన ఉక్కు ట్యాంకులు గానీ మేలు. లిగ్నోసల్ఫోనేటు వాడినప్పుడు పని ముగియగానే గొట్టాలను నీటితో కడగకపోతే నాజిళ్ళు పూడుకుపోతాయి.

చిమ్మే గొట్టం, పంపు

ద్రవం తన బరువుతో తానే కారే గొట్టం చవకైనది. కానీ ట్యాంకు ఖాళీ అవుతున్న కొద్దీ ధార సన్నబడి, రోడ్డు ఒకచోట బురదగానూ మరొకచోట పొడిగానూ మిగులుతుంది. పంపుతో ఒత్తిడి కలిగించే గొట్టం సమంగా చిమ్ముతుంది. చదరపు మీటరుకు 2.3 లీటర్ల చొప్పున, 3 మీటర్ల వెడల్పున, గంటకు 6 కిలోమీటర్ల వేగంతో చిమ్మాలంటే పంపు నిమిషానికి 690 లీటర్లు తోడాలి. వాహన వేగాన్ని బట్టి ధారను మార్చే నియంత్రిక ఉన్నచో డ్రైవరు అంచనాపై ఆధారపడనవసరం లేదు.

టైమ్స్ బీచ్ ఉదంతం

ట్యాంకులో అంతకుముందు ఏమి నింపారన్నది అన్నిటికంటే ముఖ్యం. అమెరికాలోని మిస్సోరి రాష్ట్రంలో సుమారు 2,000 మంది నివసించిన టైమ్స్ బీచ్ పట్టణపు రోడ్లపై 1970వ దశకంలో దుమ్ము అణచడానికి వాడేసిన నూనెను చిమ్మారు. ఆ నూనెలో రసాయన కర్మాగారపు వ్యర్థం కలిసి ఉంది. 1982లో అక్కడి మట్టిలో డయాక్సిన్ ఉన్నట్లు తేలింది. 1983లో ప్రభుత్వం పట్టణాన్ని కొనివేయడానికి నిర్ణయించి ప్రజలను తరలించింది. 1985లో పట్టణ హోదా రద్దయింది. శుద్ధి చేసిన ఆ స్థలంలో 1999లో రూట్ 66 స్టేట్ పార్కును తెరిచారు.