ఎర్రమరక వెనక ఒక తిమింగలం

పోయిన చలికాలంలో నా కారు కింద ఒక ఎర్రమరక కనిపించింది. రూపాయి బిళ్ళంత ఉంది, పట్టించుకోలేదు. రెండు వారాలకి అప్పడమంత అయింది. ఓ రోజు సిగ్నల్ దగ్గర పచ్చలైటు పడ్డాక యాక్సిలరేటర్ తొక్కితే ఇంజన్ గుయ్యిమంటోంది గానీ కారు కదలదు. రెండు క్షణాలాగి, వెనకనించి ఎవరో తన్నినట్టు ఒక్క దూకు దూకింది.

మా అపార్ట్‌మెంట్లోనే ఉండే స్నేహితుడి నాన్నగారు అప్పుడు డాలస్ వచ్చున్నారు. ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరైన మనిషి. కారు కింద వేలితో అద్ది, వాసన చూసి, "ఇది ఇంజనాయిలు కాదయ్యా. పవర్ స్టీరింగుకి పోస్తామే, ఆ ఎర్రాయిలు. గేరుబాక్సులోంచి వస్తోంది. పోస్తూ కూర్చోకు, ఎక్కణ్ణించి పోతోందో చూపించు ముందు" అన్నారు. సిగ్గుపడుతూ చెప్తున్నా, నేను అప్పటికే రెండు బాటిళ్ళు కొని పోసేశాను :)

ఆయన మాట పట్టుకుని ఈ ఎర్రనూనె సంగతేంటా అని చదవడం మొదలుపెడితే, కథ ఎక్కడికో పోయింది.

ఇంజన్ నించి చక్రాలకి శక్తిని ద్రవం ద్వారా అందించడమనే ఆలోచన అసలు కార్లది కాదు, ఓడలది. 1905లో హెర్మన్ ఫోటింగర్ అనే జర్మన్ ఇంజనీరు దానికి పేటెంటు తీసుకున్నాడు. కార్లలోకి అది భారీగా వచ్చింది 1939లో, జనరల్ మోటార్స్ హైడ్రామాటిక్‌తో. 1940 మోడల్ ఓల్డ్స్‌మొబైల్‌లో 57 డాలర్లు అదనంగా ఇస్తే క్లచ్ పెడల్ లేని కారు వచ్చేది. రెండో ప్రపంచయుద్ధంలో అమెరికా సైన్యం ఎం5 స్టూవర్ట్ టాంకుల్లోనూ అదే గేరుబాక్సు వాడింది.

ఇలాంటి గేరుబాక్సులో నూనె చేసే పని కందెన పని ఒక్కటే కాదు. శక్తిని మోసేదీ, వేడిని లాక్కెళ్ళేదీ, వాల్వుల్లో ఒత్తిడిగా మారి గేర్లు మార్పించేదీ అదే. అన్నిటికంటే తిప్పలు క్లచ్ ప్లేట్లతో. నూనె మరీ జారుడైతే ప్లేట్లు పట్టవు, మరీ పట్టేస్తే కారు కుదుపుతుంది. జారాలి, పట్టాలి, రెండూ కావాలి. 1949లో టైప్ ఏ పేరుతో జీఎం ఈ నూనెకి ఒక స్పెసిఫికేషన్ రాసింది. 1957లో దాన్ని మార్చింది, 1967లో డెక్స్‌రాన్ తెచ్చింది.

ఈ జారుడూ-పట్టూ సమస్యకి ఆ రోజుల్లో దొరికిన జవాబు స్పెర్మ్ తిమింగలం నూనె. రసాయనపరంగా అది మామూలు కొవ్వు కాదు, ద్రవరూపంలో ఉండే మైనం. వేడికీ ఒత్తిడికీ బాగా తట్టుకుంటుంది. అంటే అమెరికాలో ఆఫీసుకెళ్ళే చాలా ఆటోమేటిక్ కార్ల గేరుబాక్సుల్లో సముద్రంలో చంపిన జంతువు వాటా ఎంతో కొంత ఉండేదన్నమాట. కారు నడిపేవాళ్ళలో ఆ సంగతి ఎంతమందికి తెలిసుంటుంది?

1970లో అమెరికా ప్రభుత్వం ఆ తిమింగలాన్ని అంతరించిపోతున్న జాతుల జాబితాలో చేర్చింది, దాని నూనె దిగుమతికి తలుపులు మూసుకున్నాయి. అది సరైన పనే, అందులో నాకు రెండో మాట లేదు. ఇబ్బందల్లా దాని బదులు ఏం కలపాలన్నదే. కొత్త రసాయనాలతో డెక్స్‌రాన్-2 వచ్చింది. క్లచ్చుల సంగతి చూసుకున్నారు. కానీ గేరుబాక్సు నూనె చల్లబడటానికి గొట్టంలోంచి రేడియేటర్ దాకా వెళ్ళొస్తుంది కదా, అక్కడి కూలర్ అతుకుల్ని ఈ కొత్త నూనె తినేయడం మొదలెట్టింది! అతుకు పోతే నూనె కూలెంట్‌లోకి, కూలెంట్ గేరుబాక్సులోకి. రెండూ కలిస్తే స్ట్రాబెర్రీ మిల్క్‌షేక్‌లా అవుతుంది, ఆ తర్వాత గేరుబాక్సు పనైపోయినట్టే. చివరికి తుప్పు పట్టనివ్వని రసాయనం కలిపి డెక్స్‌రాన్-2డి తెచ్చారు.

మన పనిలో ఇది రోజూ చూసేదే. పదేళ్ళ కిందటి కోడులో ఒక లైబ్రరీ తీసేసి కొత్తది పెడతాం. టెస్టులన్నీ పాసవుతాయి. మూడు నెలలకి దాంతో ఏ సంబంధమూ లేదనుకున్న మాడ్యూల్ ఒకటి ప్రొడక్షన్‌లో కూలుతుంది. అప్పుడు మనవాళ్ళు "పాతదే నయం" అంటారు. నేను ఒప్పుకోను. పాతది తిమింగలాన్ని చంపి తెచ్చిన నూనె. తీసేయాల్సిందే. కాకపోతే అది ఎక్కడెక్కడ తగులుతోందో, ఆ దారంతా నడిచి చూశాక తీయాలి.

ఇంతకీ నా కారు సంగతి. మొదటి షాపువాడు గేరుబాక్సు మొత్తం మార్చాలి, మూడు వేల డాలర్లన్నాడు. కారు విలువే అంత లేదు, తుక్కుకి అమ్మేద్దామనుకున్నా. అంకుల్ ఊరుకోలేదు. ఇంకో చోటకి తీసికెళ్ళి, లిఫ్ట్ ఎక్కించి, నూనె దారి మొత్తం టార్చి పెట్టి చూపించమన్నారు. రేడియేటర్‌కి వెళ్ళే గొట్టం, మెటల్‌తో కలిసేచోట తడిగా ఉంది. గొట్టం మార్చి, నూనె నింపితే 180 డాలర్లు. నా అదృష్టం బాగుండి క్లచ్చులింకా మాడలేదు.

గుర్తుపెట్టుకోవాల్సింది ఒకటే. ఇంజనాయిలు కొంచెం కొంచెం కాలిపోతుంది, ఈ నూనె అలా ఖర్చవదు. తగ్గిందంటే ఎక్కడో కారుతున్నట్టే. తగ్గితే పంపు గాలి లాగుతుంది, నూనె నురగెత్తుతుంది, ఒత్తిడి పడిపోయి క్లచ్చులు జారి మాడతాయి. దానికి ఎర్రరంగు కలిపేదే, కారితే ఇంజనాయిలు కాదని తెలియడానికి. పాతబడితే గోధుమరంగుకి తిరుగుతుంది, అదీ చూసుకోండి. చాలా కొత్త కార్లకి గేరుబాక్సు డిప్‌స్టిక్కే ఉండదు కాబట్టి నేలమీద మరకే మీకు మొదటి కబురు.

అంకుల్ పోయిన నెల ఇండియా వెళ్ళిపోయారు. పార్కింగ్‌లో ఆ మరక ఇంకా పోలేదు. రోజూ కారు తీసేటప్పుడు ఒకసారి వంగి, పక్కన కొత్తది పడిందేమోనని చూస్తున్నా.